తగిలినదా, గుద్దినదా? – వాహనముల తాకిడిని చెప్పు మాటలు

చెన్నైని కలకత్తాతో కలుపు జాతీయ రహదారి పూర్వము 5వ నంబరు పేరుతో ఏలూరు, తాడేపల్లిగూడెము, తణుకుల మీదుగా సాగెడిది. 2010లో నంబరులు మార్చినప్పుడు ఆ రహదారికి 16వ నంబరు వచ్చినది. కొల్లేటికి దక్షిణమున కైకలూరు, ఆకివీడు, భీమవరముల మీదుగా 165వ నంబరు రహదారి పోవుచున్నది. ఈ రెంటి నడుమ చెరువుగట్ల మీదను, కాలువగట్ల మీదను లెక్కలేనన్ని చిన్న బాటలు కలవు. చేపల లారీలు, ధాన్యపు ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు, బడికి పోవు పిల్లల సైకిళ్ళు అన్నియు ఈ దారులనే నడువవలెను. అన్నియు ఒకే దారిని పోవునపుడు అప్పుడప్పుడు ఒకదానికొకటి తాకుట జరుగుచునే యుండును.

అట్టి సంఘటన జరిగిన తరువాత దానిని గురించి మనము చెప్పు మాటలేవి? ఒక మలుపున చేపల లారీకిని, మోటారు సైకిలుకును తాకిడి జరిగినదనుకొనుడు. చూచినవారు దానిని ఈ విధములుగా చెప్పవచ్చును:

లారీ బండికి తగిలింది.
లారీ, బండి గుద్దుకున్నాయి.
లారీ బండిని గుద్దేసింది.
డ్రైవరు లారీతో బండిని గుద్దేశాడు.
బండికి యాక్సిడెంటు అయింది.

సంఘటన ఒక్కటే. కాని ఈ అయిదు వాక్యములు విన్న అయిదుగురి మనస్సులలో అయిదు వేర్వేరు చిత్రములు ఏర్పడును. ఎంత వేగము, ఎంత దెబ్బ, ఎవరి బాధ్యత అను మూడు విషయములును మాటనుబట్టి మారిపోవును. భాషాశాస్త్రము, భౌతికశాస్త్రము, మనశ్శాస్త్రము, ఈ మూడును ఇచ్చట కలిసికొనుచున్నవి. వానిని వరుసగా పరిశీలింతము.

మాటలలోని మెట్లు

మన వాడుకలోని ఈ మాటలలో చాలవరకు మోటారు బండ్లు రాకముందే ఉన్నవి. పశువుల నుండి, పడవల నుండి, మనుష్యుల జగడముల నుండి ఇవి రోడ్డు మీదికి వచ్చినవి. 'తాకు', 'తగులు' అనునవి మిక్కిలి మెత్తని మాటలు. గాలి తగులును, ఎండ తగులును, చేయి తగులును. 'రాసుకొను', 'ఒరుసుకొను' అనునవి ప్రక్కప్రక్కగా పోవు వస్తువులకు చెల్లును. కొల్లేటిలో రెండు దోనెలు అంచులు కలిసి పోయినచో ఒరుసుకొన్నవందుము. ఇరుకు వంతెనపై రెండు బస్సులు అట్లు పోయినను అదే మాట. భౌతికశాస్త్రమున ఘర్షణ యనునది ఇచ్చట ప్రధానము.

'గుద్దు' అనునది పిడికిటి దెబ్బ. పిడిగుద్దు అను మాటలో ఆ యర్థము నేటికిని నిలిచియున్నది. 'ఢీకొను' అనునది పొట్టేళ్ళకు చెల్లెడి మాట. తలలు వంచి, ఎదురెదురుగా పరుగెత్తి వచ్చి కొట్టుకొనుట దాని చిత్రము. కనుకనే ఎన్నికలలో ఇద్దరు అభ్యర్థులు ఎదురుపడినను ఢీకొన్నారందుము. 'తొక్కు' అనునది కాళ్ళుగల జంతువు పని. లారీకి కాళ్ళు లేకపోయినను, చక్రము మనిషి మీదుగా పోయినపుడు 'తొక్కేసింది' అందుము. 'బోల్తాపడు' అను మాట పడవకును, ఎడ్లబండికిని, లారీకిని సమానముగా చెల్లుచున్నది. పట్టణములలో 'డ్యాష్ ఇచ్చాడు' అని కొందరందురు. దెబ్బను కూడ ఇచ్చిపుచ్చుకొను వస్తువుగా చేసిన ప్రయోగమిది!

ఈ మాటలను మెత్తదనమునుబట్టి మెట్లుగా పేర్చవచ్చును: తాకు, తగులు, రాసుకొను, గుద్దు, ఢీకొను, నుజ్జుచేయు. ఒక్కొక్క మెట్టు ఎక్కినకొలది వినువాని మనస్సులో వేగమును పెరుగును. వక్త వేగమును చెప్పకున్నను క్రియాపదమే దానిని చెప్పుచున్నది.

కర్త ఎచ్చట దాగినాడు?

ఇక వ్యాకరణమును చూతము. తెలుగులో అకర్మక క్రియలకు జంటగా సకర్మక క్రియలో, ప్రేరణార్థకములో ఉండును: తగులు – తగిలించు, ఎక్కు – ఎక్కించు, పడు – పడవేయు. 'లారీ తగిలింది' అన్నచో, పని దానంతటదే జరిగినట్లుండును. 'లారీ తగిలించాడు' అన్నచో, వెంటనే ఒక మనిషి కనబడును. ఒక్క 'ఇంచు' ప్రత్యయము చక్రము వెనుక కూర్చున్న మనిషిని వెలికి తెచ్చుచున్నది.

'లారీ గుద్దింది' అను వాక్యములో కర్త లారీ. లారీ తనంత తాను నడువదని అందరికిని తెలియును. అయినను వాక్యములో డ్రైవరుకు చోటు లేదు. 'డ్రైవరు లారీతో గుద్దాడు' అన్నపుడు డ్రైవరు కర్తయై, లారీ పనిముట్టు అగును. దీనికి 'వేయు' అను సహాయక క్రియ చేరి 'గుద్దేశాడు' అయినచో, పని పూర్తియైనదనియు, ఇక దిద్దుటకు వీలులేదనియు భావము చేరును.

'కొను' అను ప్రత్యయము మరియొక విధమైన మార్పు తెచ్చును. 'గుద్దుకొన్నవి' అనుటలో పరస్పరత కలదు. రెండు వాహనములును సమానముగా ఆ పని చేసినవని అర్థము. తన దారిని తాను పోవు సైకిలును వెనుకనుండి వచ్చిన లారీ కొట్టినపుడు 'లారీ, సైకిలు గుద్దుకొన్నవి' అనుట వ్యాకరణరీత్యా తప్పుగాదు; కాని సంఘటనరీత్యా అది సత్యము కాదు.

'యాక్సిడెంటు అయింది' అను ప్రయోగములో కర్తయే లేడు. వాన కురిసినట్లు, ప్రొద్దు గ్రుంకినట్లు ఆ పని అయినది. అదే మాటకు 'చేశాడు' చేర్చినచో కర్త తిరిగి వచ్చును. వార్తలలో తరచుగా కనబడు 'అదుపు తప్పి' అను మాట కూడ ఇట్టిదే. అదుపు తప్పినది బస్సా? దానిని నడుపువాడా? గుంతపడిన రోడ్డా? అరిగిపోయిన టైరా? 2021 డిసెంబరులో జంగారెడ్డిగూడెము చేరువనున్న జల్లేరు వాగులో ఆర్టీసీ బస్సు పడి, డ్రైవరుతో సహా పలువురు మరణించిరి. అట్టి ఘోరము జరిగినపుడు 'అదుపు తప్పి పడినది' అను మాటతో తృప్తిపడినచో, విచారింపవలసిన ప్రశ్నలన్నియు ఆ రెండు మాటలలోనే మునిగిపోవును.

న్యూటను ఏమనును?

'గుద్దుకొన్నవి' అను మాటకు భౌతికశాస్త్రమున ఒక సమర్థన కలదు. రెండు వస్తువుల తాకిడిని శాస్త్రమున అభిఘాతము అందురు. న్యూటను మూడవ సూత్రము ప్రకారము లారీ సైకిలుపై ఎంత బలమును ప్రయోగించునో, సైకిలును లారీపై అంతే బలమును వ్యతిరేక దిశలో ప్రయోగించును. కాబట్టి బలముల దృష్ట్యా చూచినచో ప్రతి అభిఘాతమును పరస్పరమే. కాని బలము సమానమైనంత మాత్రమున ఫలితము సమానము కాదు. ఒక లెక్క చూడుడు.

10,000 కిలోగ్రాముల లారీ సెకనుకు 15 మీటర్ల వేగముతో, అనగా గంటకు 54 కిలోమీటర్లతో పోవుచున్నదనుకొందము. ఇద్దరు మనుష్యులతో కలిపి 300 కిలోగ్రాములున్న మోటారు సైకిలు ఎదురుగా సెకనుకు 10 మీటర్ల వేగముతో వచ్చుచున్నది. తాకిన తరువాత రెండును కలిసియే కదలినవనుకొందము. ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రము ప్రకారము:

లారీ ద్రవ్యవేగము 1,50,000. మోటారు సైకిలు ద్రవ్యవేగము 3,000, దిశ వ్యతిరేకము. మొత్తము 1,47,000. దీనిని మొత్తము ద్రవ్యరాశి 10,300 చేత భాగించినచో, తరువాతి వేగము సెకనుకు సుమారు 14.3 మీటర్లు.

అనగా లారీ వేగములో వచ్చిన మార్పు సెకనుకు సుమారు 0.7 మీటరు మాత్రమే. మోటారు సైకిలు వేగములో వచ్చిన మార్పు 24.3 మీటర్లు. ఒకటి రెండవదానికి సుమారు 33 రెట్లు. ద్రవ్యరాశుల నిష్పత్తియు అదియే. లారీలోని మనిషికి ఇది మెల్లగా బ్రేకు నొక్కినంత కుదుపు. బండిమీది వారికి అది ప్రాణాంతకము. 'ఏదో తగిలినట్లనిపించింది' అని లారీ డ్రైవరు చెప్పినపుడు అది అబద్ధమే కానక్కరలేదు. అతని కూర్చున్న చోటినుండి చూచినచో అది నిజముగా తగులుటయే. మాట ఎవరి చోటినుండి పలుకబడినదో గమనింపవలెనని ఈ లెక్క మనకు నేర్పుచున్నది.

వేగము సంగతియు చూడవలెను. గతిశక్తి వేగము యొక్క వర్గమునకు అనులోమానుపాతములో ఉండును. వేగము రెండింతలైనచో శక్తి నాలుగింతలగును. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో గోడకు కొట్టుకొనుట సుమారు మూడున్నర మీటర్ల ఎత్తునుండి నేలబడుటతో సమానము. 60 కిలోమీటర్లతో కొట్టుకొన్నచో ఆ ఎత్తు 14 మీటర్లు. మొదటిది ఒక అంతస్తు మేడ. రెండవది ఒక పెద్ద కొబ్బరిచెట్టు. 'కొంచెము వేగముగా వచ్చినాడు' అను మాటలోని 'కొంచెము' ఎంత మోసకారియో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

ప్రశ్నలోని మాట జ్ఞాపకమును మార్చును

మాట సంఘటన జరిగిన తరువాత వచ్చునది గదా, అది సంఘటననెట్లు మార్చును? సంఘటనను మార్చజాలదు, కాని దాని జ్ఞాపకమును మార్చగలదు. ఈ విషయమును 1974లో అమెరికాలోని వాషింగ్టను విశ్వవిద్యాలయమునకు చెందిన ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనువారు ప్రయోగపూర్వకముగా చూపిరి.

వారు 45 మంది విద్యార్థులకు కార్ల అభిఘాతములను చూపు ఏడు చిన్న చలనచిత్రములను ప్రదర్శించిరి. తరువాత కార్ల వేగమెంతయని అడిగిరి. అందరికిని అదే ప్రశ్న. క్రియాపదము మాత్రమే వేరు. కార్లు 'తాకినపుడు' వేగమెంత యని అడిగినవారి సరాసరి జవాబు గంటకు 31.8 మైళ్ళు. 'కొట్టినపుడు' అన్నచో 34.0. మెల్లగా 'గుద్దుకొన్నపుడు' అన్నచో 38.1. 'ఢీకొన్నపుడు' అన్నచో 39.3. 'నుజ్జుగా కొట్టుకొన్నపుడు' అన్నచో 40 మైళ్ళకు పైగా. అనగా ఒక్క మాట మార్పుచేత వేగము సుమారు 51 కిలోమీటర్ల నుండి 66 కిలోమీటర్లకు పెరిగినది. చూచిన చిత్రములు మాత్రము అవియే.

రెండవ ప్రయోగము ఇంకను ఆశ్చర్యకరమైనది. 150 మంది విద్యార్థులు ఒక చిత్రమును చూచిరి. 50 మందిని 'నుజ్జు' అను మాటతోను, 50 మందిని 'కొట్టు' అను మాటతోను వేగమును గురించి అడిగిరి. మిగిలిన 50 మందిని వేగము గురించి అడుగనేలేదు. ఒక వారము తరువాత అందరినీ పిలిచి, 'పగిలిన గాజుముక్కలు చూచితిరా?' అని ప్రశ్నించిరి. చిత్రములో గాజు పగులనే లేదు. అయినను 'నుజ్జు' అను మాట విన్నవారిలో 16 మంది చూచితిమనిరి. 'కొట్టు' అను మాట విన్నవారిలో 7గురు, ఏమియు అడుగబడనివారిలో 6గురు మాత్రమే అట్లనిరి. ప్రశ్నలోని ఒక్క మాట వారమురోజులు మనస్సులో పనిచేసి, లేని గాజును పగులగొట్టినది!

మన ఊళ్ళలో జరుగునదేమి? రోడ్డుప్రక్క బడ్డీకొట్టు యజమానియో, పొలమునుండి వచ్చు కూలీయో సాక్షి యగును. మొదట ఊరివారు, తరువాత బంధువులు, ఆ తరువాత పోలీసులు, పిదప న్యాయస్థానమున వకీళ్ళు అతనిని ప్రశ్నింతురు. 'లారీ ఎంత స్పీడులో గుద్దేసింది?' అని మొదటివాడు అడుగగానే 'గుద్దేయుట'యు, 'స్పీడు'ను సాక్షి జ్ఞాపకములో చోటు చేసికొనును. 'బండి లారీకి ఎట్లు తగిలింది?' అని అడిగినచో ఆ జ్ఞాపకము మరియొక దారి పట్టును. కాబట్టి సాక్షిని మొట్టమొదట 'ఏమి చూచితివి?' అని మాత్రమే అడుగుట ఉత్తమము.

'ప్రమాదము' అను మాట కథ

ఇంగ్లీషు 'యాక్సిడెంటు' లాటిను భాషనుండి వచ్చినది. 'మీద వచ్చి పడుట' దాని మూలార్థము. అనుకొనకుండ పైబడినది, ఎవరును చేసినది కాదు. దీనికి మనము వాడుచున్న సంస్కృతపదము 'ప్రమాదము'. దీని మూలార్థము సరిగా దీనికి విరుద్ధము. ఇది మత్తును తెలుపు 'మద' ధాతువునుండి పుట్టినది. అమరకోశము దీనికిచ్చిన అర్థము అనవధానత, అనగా ఏమరుపాటు. ఒకడు చేయవలసిన జాగ్రత్త చేయకపోవుటయే ప్రమాదము.

కాలక్రమమున కారణమును చెప్పు మాట ఫలితమునకు పేరైనది. నేడు 'ప్రమాదము జరిగినది' అన్నచో ఆపద జరిగినదనియే అర్థము. 'ప్రాణమునకు ప్రమాదము లేదు' అన్నచో భయము లేదని అర్థము. 'ప్రమాదవశాత్తు' అన్నచో ఏకముగా 'ఎవరి తప్పును లేక, దైవికముగా' అను అర్థము వచ్చినది. మూలార్థము నూటికి నూరుపాళ్ళు తలక్రిందులైనది. అయితే ఆ ధాతువు మరియొక మాటలో చెక్కుచెదరక నిలిచియున్నది. తుఫాను వచ్చునపుడెల్ల 'అధికారులు అప్రమత్తముగా ఉండవలెను' అని వినుచుందుము. ప్రమత్తుడు కానివాడే అప్రమత్తుడు. అప్రమత్తత లోపించినపుడు కలుగునదే ప్రమాదము. ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూపినచో, విద్యార్థికి భాషతోబాటు రోడ్డుభద్రతయు బోధపడును.

పాశ్చాత్య దేశములలో కూడ ఈ చర్చ జరిగినది. 1966లో అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతాసంస్థకు తొలి అధిపతియైన విలియం హ్యాడన్ అను వైద్యుడు 'యాక్సిడెంటు' అను మాటను వ్యతిరేకించెను. వ్యాధికి కారణములున్నట్లే అభిఘాత గాయములకును కారణములున్నవనియు, వానిని నివారింపవచ్చుననియు అతని వాదము. మనిషి, వాహనము, పరిసరము అను మూడింటిని, సంఘటనకు ముందు, అప్పుడు, తరువాత అను మూడు కాలములలో పరిశీలించుటకు అతడు తొమ్మిది గళ్ళ పట్టిక నొకదానిని రూపొందించెను. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ తన వ్యాసములలో 'యాక్సిడెంటు' అను మాటను వాడరాదని నిర్ణయించినది. న్యూయార్కు పోలీసుశాఖ 2013లో తన పరిశోధక దళము పేరులో 'యాక్సిడెంటు'ను తీసివేసి, 'ఢీకొనుట' అను అర్థముగల మాటను చేర్చినది.

2019లో అమెరికాలోనే దాదాపు వేయిమందికి ఒకే సంఘటనను వేర్వేరు విధములుగా వ్రాసిన వార్తలు ఇచ్చి చదివించిరి. పాదచారి 'ఢీకొనబడెను' అని వ్రాసిన వార్త చదివినవారు పాదచారినే ఎక్కువగా నిందించిరి. డ్రైవరును కర్తగా చేసి వ్రాసినపుడు ఆ నింద తగ్గినది. అట్టి సంఘటనలు ఇతరములును కలవని, రోడ్డు నిర్మాణమును గూర్చియు చెప్పినపుడు, రోడ్డును బాగుచేయవలెనను అభిప్రాయము బలపడినది.

నిందయా, నివారణయా?

మన చట్టమునకు ఈ భేదము తెలియును. భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చినది. దానిలోని 281వ సెక్షను దుడుకుగా, నిర్లక్ష్యముగా వాహనము నడుపుటను, 106వ సెక్షను నిర్లక్ష్యముచేత మరణము కలిగించుటను నేరములుగా చెప్పుచున్నవి. పోలీసు కాగితములలో 'అతివేగముగా, అజాగ్రత్తగా నడిపి' అను మాటలుండుటకు కారణమిదియే. గుద్ది పారిపోయిన వాహనము దొరకనపుడు, 2022 ఏప్రిల్ నుండి మృతుని కుటుంబమునకు రెండు లక్షల రూపాయల పరిహారము నిర్ణయింపబడినది. 'బండి దానంతటదే పడినది' అని వ్రాసినచో ఆ పరిహారము లేదు. ఒక్క మాటపై ఒక కుటుంబపు బ్రతుకు ఆధారపడుట యనగా ఇదియే.

అట్లని ప్రతి వాక్యములోను డ్రైవరును దోషిగా నిలుపుట న్యాయము కాదు. విచారణకు ముందే 'నిర్లక్ష్యము' అని వ్రాయుటయు, విచారణ లేకుండ 'తలరాత' అని వ్రాయుటయు, రెండును తొందరపాటులే. రాత్రంతయు నిద్రలేక చేపలు చెడకముందే చేర్చవలసిన డ్రైవరు వెనుక, అతనిని తొందరపెట్టిన వర్తకుడు ఉండవచ్చును. కాలువగట్టున కమ్మీ లేకపోవచ్చును. మలుపున దీపము లేకపోవచ్చును. బండిమీదివారికి హెల్మెట్టు లేకపోవచ్చును. 108 వాహనము వచ్చుటకు బాట ఇరుకై యుండవచ్చును. హ్యాడన్ పట్టికలోని గళ్ళలో ఇవన్నియు ఒక్కొక్కటి ఒక్కొక్క గడిలో కూర్చుండును. మంచి మాట ఈ గళ్ళను తెరచి ఉంచును. చెడు మాట మూసివేయును.

కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022వ సంవత్సరములో భారతదేశమున 4,61,312 రోడ్డు సంఘటనలు జరిగి, 1,68,491 మంది మరణించిరి. అనగా రోజునకు సుమారు 460 మంది. ఇంత క్రమముగా, ఏటేటా, కొన్ని మలుపులలోనే మరలమరల జరుగుచున్నదానిని అనుకోని సంఘటన యనుట ఎట్లు?

తరగతిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో సులభముగా పరీక్షింపవచ్చును. ఒక పలకను ఏటవాలుగా నిలిపి, దానిపైనుండి ఒక బొమ్మ లారీని దొర్లించి, క్రిందనున్న బొమ్మ కారుకు తాకునట్లు చేయవలెను. అందరును ఒకేమారు చూడవలెను. తరువాత సగముమందికి 'లారీ కారుకు తగిలినపుడు కారు ఎన్ని అంగుళములు జరిగినది?' అనియు, మిగిలినవారికి 'లారీ కారును గుద్దివేసినపుడు కారు ఎన్ని అంగుళములు జరిగినది?' అనియు వ్రాసిన కాగితములు పంచవలెను. ఒకరి కాగితము మరియొకరు చూడరాదు. జవాబుల సరాసరులు కట్టి, స్కేలుతో కొలిచిన దూరముతో పోల్చవలెను. భేదము వచ్చినను, రాకున్నను ఫలితమును ఉన్నదున్నట్లు పలకమీద వ్రాయవలెను.

తెలుగు ఉపాధ్యాయుడు వారము రోజుల వార్తాపత్రికలలోని ఇట్టి వార్తలను కత్తిరించి తెప్పించి, ప్రతి వాక్యములోను కర్త యెవరో, క్రియ యేదో, కర్త లేనిచో ఎవరు మరుగున నున్నారో విద్యార్థులచేత గుర్తింపజేయవచ్చును. భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు అవే వార్తలలోని వాహనముల ద్రవ్యరాశులను ఊహించి, పైన చూపిన లెక్కను చేయింపవచ్చును. అటుపిమ్మట విద్యార్థులు అదే వార్తను తిరిగి వ్రాయవలెను: ఏ వాహనము ఏ దిక్కునుండి వచ్చినది, ఎవరు నడుపుచుండిరి, ఏ భాగము ఏ భాగమునకు తాకినది, రోడ్డు ఎట్లున్నది, ఎవరికి ఏమైనది. కంటితో చూచినదానిని ముందు, ఊహించినదానిని తరువాత, వేర్వేరుగా వ్రాయవలెను.

ఇట్లు వ్రాయుట అలవాటైన విద్యార్థి రేపు సాక్షిగా నిలిచినను, విలేఖరియైనను, ఇంజనీరైనను, చక్రము పట్టినను అప్రమత్తుడై యుండును.